అడ్డం పోయిన గుర్రం

మొన్న సోమవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, పాలమూరు కంటి దవాఖాన వరండాలో, మా తమ్ముడు గుర్రం మాట ఎత్తాడు. తొమ్మిదేళ్ల మీద ఐదు నెలలకు ఎత్తాడు. ఈ ముసలమ్మ ఇంత ఖచ్చితంగా ఎలా చెబుతున్నదని అనుకోకండి. ముప్పై ఏళ్లు బస్టాండులో కూర్చుని ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అని రాసిన చెయ్యి ఇది. కొలువు దిగాను గానీ మణికట్టు మీది గడియారం దిగలేదు.

తమ్ముడికి ఒక కంటికి శుక్లం తీశారు. ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని, మందు చుక్కలు వేసే అమ్మాయి కోసం చూస్తూ బల్ల మీద కూర్చున్నాడు. పక్కన ఒక పడుచువాడు, వాళ్ల అమ్మను తెచ్చినట్టున్నాడు, ఫోనులో గుర్రప్పందెం చూస్తున్నాడు. ఏ పట్నంలోదో నేను అడగలేదు. పందెం ముగిసి, వాడు తొడ మీద చరుచుకుని సంబరపడుతుండగానే ఫోనులో సైరను మోగింది. ఏమైంది నాయనా అంటే, ఫలితం ఆపేశారట. చివర్లో ఒక గుర్రం ఇంకో గుర్రానికి అడ్డం వచ్చిందని ఓడినవాళ్లు ఫిర్యాదు చేశారట. స్టీవార్డులని పెద్దలుంటారట, వాళ్లు లోపల కూర్చుని నాలుగు దిక్కుల నుంచి తీసిన వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి చూసి, ఇద్దరు రౌతులనూ పిలిచి విచారించి, అప్పుడు తీర్పు చెబుతారట.

"అయినా లొల్లి ఆగదు పెద్దమ్మా. ఎన్ని కెమెరాలు పెట్టినా సగం మంది ఔనంటరు, సగం మంది కాదంటరు" అన్నాడు.

అప్పుడు మా తమ్ముడు కట్టు కట్టిన ముఖం అటు తిప్పాడు.

"గుర్రాన్ని ఏం జేస్తరు?"

"ఏంది తాతా?"

"అడ్డమొచ్చిన గుర్రాన్ని. తర్వాత ఏం జేస్తరు దాన్ని?"

"గుర్రాన్నేం జేస్తరు తాతా! తప్పుంటే జాకీని కొన్ని రోజులు కూసోబెడ్తరు. గుర్రం పోయి దాని దాణా అది తింటది" అని నవ్వాడు పిల్లవాడు.

"మంచిది" అన్నాడు తమ్ముడు. అంతే. తర్వాత మందు చుక్కల అమ్మాయి వచ్చింది, మేము నాలుగున్నర బస్సుకు ఊరికి వచ్చేశాం, దారిలో తను ఇంకో మాట మాట్లాడలేదు. ఆ రాత్రి నుంచి నాకే నిద్ర సరిగా లేదు. ఎవరికైనా చెప్పుకోవాలి కదా, మీకు చెబుతున్నాను.

మీలో టాంగా ఎక్కిన వాళ్లు ఇంకా ఉండే ఉంటారు. వెనకకు కాళ్లు వేలాడేసి కూర్చుంటే రోడ్డు మన కిందినుంచి పారిపోతున్నట్టు ఉండేది, ముందు నుంచి గడ్డి వాసన, చెమట వాసన, తోలు వాసన కలిసి వచ్చేవి. మా నాయిన రైల్వే టేషను నుంచి ఊళ్లకు టాంగా తోలేవాడు. అంతకు ముందు మా తాత ఒక దొర గుర్రాలకు గడ్డి కోసేవాడు, సొంత భూమి అంటే మాకు పాడె మోసేటప్పుడు కాళ్ల కింద ఉన్నదే. తాత గడ్డి వేశాడు, నాయిన పగ్గం పట్టాడు, తమ్ముడి నాటికి గుర్రమే మా సొంతమైంది. ఆటోలు వచ్చాక టాంగా కట్టెలు పొయ్యిలోకి పోయాయి గానీ గుర్రం పోలేదు. ఆత్మకూర్ చుట్టుపక్కల పెళ్లిళ్లకు పెండ్లికొడుకును ఎక్కించి ఊరేగించే బరాత్ గుర్రంగా మారింది.

నేను చెప్పే గుర్రం పేరు చాందినీ. తెల్లని ఆడ గుర్రం, ఎడమ చెవి కొసన మాత్రం ఎవరో బొగ్గు వేలితో ముట్టుకున్నట్టు నల్ల మచ్చ. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి తమ్ముడే పెంచాడు. బరాత్ గుర్రానికి పరుగు ఎవరూ అడగరు, ఆట అడుగుతారు. డప్పు మోగగానే మెడ ఎత్తాలి, ముందు కాలు ఎత్తి గజ్జెలు మోగించాలి, నిలుచున్న చోటి నుంచి పక్కకు పక్కకు అడుగులు వెయ్యాలి. అది నేర్పడానికి రెండు వానాకాలాలు పట్టింది. మా మేనమామ కొడుకు, నాకు బావ, మా ఊరి డప్పులోళ్లకు పెద్ద. సాయంత్రం పూట గడ్డి మంట వేసి డప్పు కాచుకుని మా కొట్టం ముందు కూర్చునేవాడు. తమ్ముడు అరచేతిలో బెల్లం ముక్క పట్టుకునేవాడు. దెబ్బ పడగానే అది అడుగు పక్కకు వేస్తే బెల్లం. వెయ్యకపోతే లేదు. కొట్టడం మా తమ్ముడి చేతిలో లేదు, బెల్లమే ఉంది.

ఎంత బాగా నేర్చిందంటే, వాడలో ఎవరైనా పోతే మాకు అదో ఇబ్బంది అయ్యేది. చావు దెబ్బ వేరు, పెళ్లి దెబ్బ వేరు అని మనుషులకు తెలుసు, గుర్రానికి తెలియదు. అవతల శవం లేస్తుంటే ఇవతల కొట్టంలో చాందినీ గజ్జెలు వేసుకుని ఆడేది. మా మరదలు, తమ్ముడి పెండ్లాం, పరుగెత్తి తలుపు మూసి, దాని మెడ పట్టుకుని "ఆగవే తల్లీ, ఆగవే, గది పెండ్లి గాదే" అని బతిమాలేది, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

మా ఊరి జాతరలో మూడోనాడు గుర్రాల పందెం జరిగేది. పట్నంలో పరుగెత్తే జాతి గుర్రాలు కావవి, అన్నీ మా చాందినీ వంటి బరాత్ గుర్రాలే. కోస్గి నుంచి, మక్తల్ వైపు నుంచి, ఒక్కొక్క ఏడు నది అవతలి నుంచి కూడా వచ్చేవి. గెలిచిన గుర్రాన్ని ఆ ఏడంతా జాతర గుర్రం అనేవారు. జాతర గుర్రం మీద పెండ్లికొడుకును ఎక్కిస్తే మంచిదని నమ్మకం, దాంతో ఆ ఇంటికి ఏడాది పొడుగునా పెళ్లిళ్లు తప్పవు. ఇంకొకటి, అమ్మవారి పల్లకి ఆ గుర్రం కట్టిన ఇంటి ముందు ఒకసారి ఆగాలి. మేము ఆదివారం చర్చికి పోయేవాళ్లం, జాతర నాడు జాతరకూ పోయేవాళ్లం. పాస్టరుగారు ఒకసారి మా తమ్ముడిని పిలిచి, అమ్మవారి పందేనికి నీ గుర్రాన్ని ఎట్లా తోలుతావని మందలించారు. "మేం బాప్తిస్మం తీసుకున్నం గని అయ్యగారూ, గుర్రం తీసుకోలె గద" అన్నాడట. పాస్టరుగారు కూడా నవ్వారని చెప్పుకున్నారు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, జిల్లాలు ఇంకా ముక్కలు కాకముందు మాట ఇది. అప్పటికే బరాత్‌లకు పూలు కట్టిన కార్లు వస్తున్నాయి. పెళ్లి ఉన్నా లేకున్నా గుర్రం మేత మానదు. జాతరకు వారం ముందు తమ్ముడు నా గడప మీద కూర్చుని, తల వంచుకుని చెప్పాడు.

"ఈసారి జాతర గుర్రమైతే ఉంటది అక్కా. గాకపోతే నా తోటి గాదు. వానలు పడ్డంక ఇచ్చేస్త."

ఎవరికి ఇస్తావని నేను అడగలేదు. ముసలి గుర్రాలను, పని లేని గుర్రాలను కొనే బేరగాళ్లు సంతల్లో తిరుగుతుంటారు, వాళ్లు ఎక్కడికి తోలుకుపోతారో చెప్పరు, అమ్మినవాళ్లు అడగరు.

పందెం పల్లికాయ పీకిన చేలల్లో జరిగేది. కాలువ తూము దగ్గర మొదలై, ఒక వేపచెట్టు చుట్టూ తిరిగి, జెండా పాతిన చోటికి రావాలి. గీత గీసినట్టు సున్నం చల్లేవారు. కట్టుబాటు ఒక్కటే: ఏ గుర్రం దాని వరసలో అది రావాలి, ఇంకొక దానికి అడ్డం పోతే ముందుగా వచ్చినా ఓడినట్టే. జెండా పక్కన ఎత్తుగా చెక్క పలకలు వేసి ముగ్గురు పెద్దమనుషులు కూర్చునేవారు. ఒకాయన మాజీ సర్పంచు, ఊరంతా పటేలా అని పిలిచేవారు. ఒకాయన పాత పట్వారి. ఒకాయన పశువుల దవాఖాన కాంపౌండరు. ఇంకొక ఆనవాయితీ చెప్పకపోతే మీకు తర్వాతి సంగతి అర్థం కాదు. గుర్రాలు కదిలింది మొదలు డప్పు మోగకూడదు. బరాత్ గుర్రాలు కదా, డప్పు వింటే పరుగు మరిచి ఆడతాయని అందరికీ తెలుసు. మొదటి గుర్రం జెండా దాటగానే పటేల్ భుజం మీది తువ్వాల తీసి గాలిలో ఇదిలించేవాడు. అది చూసి డప్పులు మొదలయ్యేవి. ఆ జనంలో డప్పులోళ్లకు జెండా కనబడదు, తువ్వాల మాత్రం కనబడుతుంది, అందుకని ఆ ఏర్పాటు.

ఆ రోజు సాయంత్రం నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలకు ఐదు గుర్రాలు కదిలాయి. నేను పలకల వెనక నిలిపిన ట్రాక్టరు డబ్బాలో ఆడవాళ్లతో నిలబడి ఉన్నాను. పెద్దమనుషుల వీపులు, వాళ్ల ముందు జెండా, రెండూ నాకు తేటగా కనబడుతున్నాయి. వేపచెట్టు తిరిగేసరికి మూడు గుర్రాలు వెనకబడ్డాయి. మిగిలినవి రెండే: మా చాందినీ, దాని మీద మా తమ్ముడి కొడుకు, నా మేనల్లుడు, కోస్గి నల్ల గుర్రం, దాని మీద వాళ్ల పిల్లవాడు. చాందినీ ఒక మెడ ముందుంది. జీను లేదు, ఒట్టి గోనె సంచి మీద మేనల్లుడు దాని జూలులోకి ముఖం దూర్చి కూర్చున్నాడు. జనం ఉండబట్టలేక సున్నం గీత దాటి ముందుకు తోసుకొచ్చారు. పెద్దమనుషులకు జెండా మూసుకుపోయింది. పటేల్ లేచి నిలబడి, "జరుగున్రి, జరుగున్రి, మీ అవ్వ, గుర్రాలొస్తున్నయి" అని అరుస్తూ, భుజం మీది తువ్వాల లాగి జనం నెత్తుల మీద ఇదిలించాడు.

డప్పులు మోగాయి.

జెండా ఇంకా యాభై గజాలుంది. చాందినీ మెడ ఎత్తింది. నేను ట్రాక్టరు మీది నుంచే, ఒద్దే తల్లీ, ఒద్దే అన్నాను. మేనల్లుడు కళ్లెం లాగుతున్నాడు, దానికి రెండు వానాకాలాల బెల్లం గుర్తొచ్చింది. ముందు కాలు ఎత్తి, పక్కకు ఒక అడుగు, ఇంకొక అడుగు, నేరుగా నల్ల గుర్రం దారిలోకి పోయింది. నల్ల గుర్రం దాని పక్కటెముకలకు తగిలి ముందు కాళ్లు మడిచింది, కోస్గి పిల్లవాడు ఎగిరి పల్లి చెత్తలో పడ్డాడు. చాందినీ అలాగే గజ్జెలు మోగించుకుంటూ, పెండ్లివారి వాకిట్లోకి వచ్చినట్టు తలాడించుకుంటూ జెండా దాటింది. అందరికంటే ముందు దాటింది.

ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత జనం నవ్వారు. "పెండ్లికొడుకు ఏడిరా?" అని ఒకడు, "అక్షింతలు తేండ్రి" అని ఒకడు. కోస్గి గుర్రం ఆసామి, మా తమ్ముడి ఈడువాడే, తన కొడుకును లేవదీసి చూసి, భుజం దగ్గర గూడ ఎముక విరిగిందని తెలిసి, తువ్వాలతో చెయ్యి కట్టి, పలకల దగ్గరికి వచ్చాడు.

"కండ్లతోటి సూసిన్రు గద పటేలా! మా పోరని గూడ ఇరిగె. గిది పందెమా, బరాతా?"

తమ్ముడు గుర్రాన్ని పట్టుకునే నిలబడ్డాడు. "గుర్రం తప్పు గాదు పటేలా. డప్పు ముందుగాల మోగింది. మోగితే ఆడాలెనని నేనే నేర్పిన."

పటేల్ మా బావ వైపు తిరిగాడు. "ఏందిరా? ఎవలు కొట్టుమన్నరు?"

బావ తలెత్తలేదు. డప్పు తోలు మీద వేళ్లు ఆనించి, అది వేడిగా ఉందో చల్లారిందో చూస్తున్నట్టు నిలబడ్డాడు. తువ్వాల ఎగిరింది పటేలా, నీ తువ్వాలే అని ఆ నోటితో ఎలా అంటాడు? పండుగకు, పెళ్లికి, చావుకు ఆ ఊరి డప్పు ఆయన తండ్రి తాతల హక్కు, ఆ హక్కు నిలిచేదీ పోయేదీ ఆ పలకల మీది మాటతోనే. పట్వారి గొంతు సవరించుకుని, డప్పుదే తప్పయితే ఈ ఏటి నుంచి డప్పు బందు పెట్టి వేరే ఊరివాళ్లను పిలిపిద్దాం అన్నాడు.

నేను ట్రాక్టరు దిగి ముందుకు వచ్చాను. మా వాడ ఆడది ఆ పలకల ముందుకు వచ్చి మాట్లాడటం అదే మొదలు.

"పటేలా, మీరు తువ్వాల ఇదిలించిన్రు. జనాన్ని జరుపుతందుకే ఇదిలించిన్రు. గా సంగతి ఆళ్లకేం తెల్సు? గెలిచిన సైగ అనుకున్నరు. నేను సూసిన."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వాడు. "సర్కారు కొలువు జేసినదానివి అమ్మా నువ్వు. తమ్మునికోసం గింత మాట అనొచ్చునా?" అన్నాడు. కాంపౌండరు చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఇంకొకసారి చెప్పబోయాను. బావ అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు నాకంటే ముందు మా తమ్ముడు చదివాడు.

"పోనియ్యక్కా" అన్నాడు. పలకల వైపు తిరిగి, "గుర్రానిదే తప్పు పటేలా. డప్పుదేం లేదు" అన్నాడు.

ముగ్గురికీ వచ్చిన చాయ్ తాగడం అయ్యేసరికి తీర్పు అయిపోయింది. అడ్డం పోయిన గుర్రం ఓడినట్టు, దాని వల్ల పడిపోయింది కనుక కోస్గి గుర్రమే జాతర గుర్రం అని మైకులో మూడుసార్లు చెప్పారు.

పల్లకి మా వాడకు రావడం ఇష్టం లేకనే అలా చేశారని మావాళ్లలో కొందరు ఇప్పటికీ అంటారు. కోస్గి గుర్రం గెలిస్తే పల్లకి ఊరి చావడి ముందు ఆగుతుంది, పొరుగూరి గుర్రాన్ని అక్కడే కడతారు కనుక. మా గుర్రం గెలిస్తే మా వాడలోకి రావాలి, అంతకు ముందు ఎన్నడూ రాలేదు. అయి ఉండవచ్చు. నేను మాత్రం అలా అనను, ఎందుకంటే ఆయన మనసులో ఏముందో నేను చూడలేదు. నేను చూసింది తువ్వాల.

తీర్పు తప్పో ఒప్పో అన్నది కూడా నేను తేల్చలేకపోయాను. గుర్రం అడ్డం పోయిన మాట నిజం. పిల్లవాడి ఎముక విరిగిన మాట నిజం. తమ్ముడు మూడుసార్లు కోస్గి పోయి ఆ పిల్లవాణ్ని చూసి వచ్చాడు. మూడోసారి వాళ్ల నాన్న బస్సు దాకా వచ్చి సాగనంపుతూ, "నీ గుర్రం తప్పు గాదని నాకు ఎర్కేనే అన్నా. గని నేను గెల్వకుంటే నాది పోతుండె" అన్నాడట. తమ్ముడు వచ్చి ఆ మాట చెప్పి, ఆయన మంచోడు అక్కా అన్నాడు.

పందెం ఒక్కటి ఓడిపోతే మేము ఎలాగో తట్టుకునేవాళ్లం. మైకులో చెప్పిన మాట మమ్మల్ని ముంచింది. ఆ రోజు ఎవరో కుర్రాడు ఫోనులో తీశాడు. డప్పు మోగాక జేబులోంచి ఫోను తీశాడు కాబోలు, అందులో తువ్వాల లేదు. తెల్ల గుర్రం ఆడుతూ నల్ల గుర్రానికి అడ్డం పోవడం, పిల్లవాడు ఎగిరి పడటం, జనం నవ్వడం, అంతే ఉంది. తెల్లారేసరికి అది ఆత్మకూర్ నుంచి గద్వాల దాకా ఫోన్లన్నిటికీ చేరింది. నవ్వుకోవడానికే పంపుకున్నారు, మా మీద పగతో కాదు. కానీ పెండ్లికొడుకును ఎక్కించబోయే తండ్రి అది చూసి నవ్వుతాడా? ఆ వైశాఖంలో ముందే మాట్లాడుకున్న పెళ్లిళ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. మర్యాదగానే వచ్చారు, మా మరదలు ఇచ్చిన చాయ్ తాగారు. "నీ గుర్రం మంచిదే తమ్మీ. గని అడ్డంబోయిన గుర్రమన్న పేరొచ్చె. ముసలోళ్లు ఒప్పుతలేరు" అన్నారు.

అప్పుడు చేశాం మేము ఆ పని. మేము అంటే తమ్ముడు, బావ; నేనూ వద్దనలేదు. అడ్డం పోతుందన్న పేరు వచ్చింది కదా, డప్పు మోగినా అడ్డం పోకుండా నేరుగా నడిచేటట్టు నేర్పితే ఆ పేరు పోతుందని తమ్ముడి ఆలోచన. బావ మాకు పడిన రుణం ఏమిటో ఆయనకు తెలుసు, పిలవకుండానే సాయంత్రం డప్పు కాచుకుని వచ్చేవాడు. చేలో చాందినీ కళ్లకు రెండు పక్కలా తోలు ముక్కలు కట్టి, తమ్ముడు ఒక పక్క, మేనల్లుడు ఒక పక్క పగ్గం పట్టుకుని నిలబడేవారు. దెబ్బ పడుతుంది. అది మెడ ఎత్తుతుంది. రెండు పక్కల నుంచీ పగ్గం గుంజుతారు. పక్కకు అడుగు వేస్తే బెల్లం లేదు, కళ్లెం నొప్పి. వెయ్యకపోతే బెల్లం. మొదట్లో అది తమ్ముడి అరచేతిలో మూతి పెట్టి వెతికేది, ఆడాను కదా ఇంకేది అన్నట్టు. రెండు వానాకాలాలు నేర్పిన దాన్ని ఒక ఎండాకాలంలో మరిపించాలని చూశాం. ఆషాఢం వచ్చేసరికి అది ఆడటం మానేసింది. నడవడం మాత్రం నేర్చుకోలేదు. డప్పు వినబడితే చాలు, నాలుగు కాళ్లూ దగ్గరికి పెట్టుకుని, చర్మం వణికిస్తూ నిలబడిపోయేది.

శ్రావణంలో మోత్కూర్‌లో మా మరదలు వైపు చుట్టాల పెళ్లి. వాళ్లకు వీడియో సంగతి తెలిసినా, మనవాళ్లే కదా అని పిలిచారు. చిన్న లారీలో గుర్రాన్ని ఎక్కించుకుని నల్లగొండ మీదుగా పోయాం, నేనూ పోయాను. చాందినీకి పెళ్లివారు తమ జరీ గుడ్డ వేశారు, గజ్జెలు కట్టారు, పెండ్లికొడుకును ఎక్కించారు. డప్పులు మొదలయ్యాయి. అది నిలబడింది. తమ్ముడు పగ్గం పట్టి నడిపాడు, నడవదు. చెవిలో ఏదో చెప్పాడు. బెల్లం చూపాడు. దాని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, గుర్రాలు ఏడుస్తాయా అని నన్నడగకండి, కారిన మాట చెబుతున్నాను. పెండ్లికొడుకు కాసేపు కూర్చుని, ఇబ్బందిగా నవ్వి, దిగి నడుచుకుంటూ పోయాడు. మా తమ్ముడు జరీ గుడ్డ విప్పి మడతపెట్టి, వాళ్ల ఇంటి అరుగు మీద పెట్టి వచ్చాడు.

దసరా ముందు సంతకు తీసుకుపోయాడు. నేను ఆ రోజు పోలేదు. మేనల్లుడు వచ్చి చెప్పాడు, బేరగాడు గజ్జెలతో సహా ఇవ్వమన్నాడట, తమ్ముడు గజ్జెలు విప్పుకున్నాడట. లారీ ఎక్కేటప్పుడు అది మొండికెయ్యలేదట, పెళ్లికి తీసుకుపోతున్నారనుకుందేమో. లారీ ఎటు పోయిందో వీళ్లు అడగలేదు. మేనల్లుడు ఆ తర్వాత గుర్రం ఎక్కలేదు. పాలమూరులో బడి పిల్లల వ్యాను తోలుతున్నాడు. తమ్ముడు గుర్రం అన్న మాటే అనలేదు.

జాతర పందెం ఇంకో రెండేళ్లు నడిచింది. రెండో ఏడు వచ్చిన గుర్రాలు రెండే. మూడో ఏడు కోస్గి ఆయన ఒక్కడే వచ్చి, ఎవరితో పరుగెత్తాలో తెలియక గుర్రాన్ని జెండా చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. కరోనా రెండేళ్లు పెళ్లిళ్లు లేవు, ఆయన గుర్రమూ పోయిందని విన్నాం. ఇప్పుడు బరాత్ అంటే డీజే బండి. మా వాకిట్లోంచి పోతుంటే గోడ మీది గిన్నెలు కదులుతాయి. మా బావ డప్పు చివరి రోజుల్లో చావులకు మాత్రమే మోగింది, ఆయన చావుకు మోగించడానికి వేరే ఊరివాళ్లను పిలవాల్సి వచ్చింది.

ఇంకొక్క సంగతి ఉంది. కరోనా పోయిన రెండో ఎండాకాలం, ఆత్మకూర్‌లో ఒక ఫంక్షన్ హాలులో పెళ్లి. మా డిపోలో నాతో పనిచేసినావిడ మనవరాలి పెళ్లి అది. నేను భోజనం బల్ల దగ్గర కూర్చున్నాను, వెనక బల్ల మీద పటేల్, ఆయన చుట్టూ నలుగురైదుగురు. ముసలివాడైపోయాడు, గొంతు మాత్రం తగ్గలేదు. ఎవరో గుర్రాల పందేల మాట తీశారు.

"అరే, ఒకపారి ఏమైందో ఎర్కేనా? జనం మీదికొస్తుంటె జరుగున్రి అని నేను తువ్వాల ఇదిలిస్తి. గాళ్లు గెలిచింది అనుకొని డప్పు కొట్టిరి. ఆ గుర్రం ఆడుడే ఆడుడు! పందెం ఇడిచిపెట్టి బరాత్ జేసింది!"

అందరూ పగలబడి నవ్వారు. ఆయన తానే ఎక్కువ నవ్వాడు, నవ్వలేక పొలమారి నీళ్లు తాగాడు. నేను చెయ్యి కడుక్కోకుండానే లేచి ఆయన ముందుకు పోయాను.

"గా మాట గా రోజు చెప్పకపోతిరి పటేలా."

నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక ఆయన ముఖంలో భయం గానీ సిగ్గు గానీ ఏమైనా కనబడుతుందేమోనని చూశాను. ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు.

"చెప్తే ఏమైతుండె అమ్మా? గుర్రం అడ్డంబోయిన మాట నిజమే గద. తీర్పు తీర్పే. బువ్వ తిన్నవా?"

తిన్నాను అన్నాను. ఆ మధ్యాహ్నమే తమ్ముడి ఇంటికి పోయాను. కొట్టం ఉన్న జాగాలో మరదలు బీరపాదు వేసింది, తను దాని కింద మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. ఎన్నేళ్లుగానో కాచుకున్న మాట దొరికిందన్న తొందరలో చెప్పులు కూడా విప్పకుండా అంతా చెప్పాను. పటేల్ నోటితో ఒప్పుకున్నాడురా, అందరి ముందు ఒప్పుకున్నాడు, నేను చూసింది నిజమే అన్నాను. తమ్ముడు లేచి కూర్చుని శ్రద్ధగా విన్నాడు. నేను ముగించాక ఇంకా ఏదో ఉందన్నట్టు కాసేపు చూశాడు. కంటి దవాఖానలో ఆ పిల్లవాణ్ని అడిగిన మాటే ఆ రోజు నన్ను అడగలేకపోయాడని ఇప్పుడు తెలుస్తోంది.

మొన్న సోమవారం రాత్రి ఇంటికి వచ్చాక, కట్టు కదలకుండా వెల్లకిలా పడుకుని, చీకట్లోనే అడిగాడు.

"అక్కా, నాడు పటేల్ ఏమన్న సెప్పిండా, చాందినీ ఏడుందో?"

ఆయనకేం తెలుస్తుందిరా అన్నాను.

"ఔ, ఆయనకేం తెలుస్తది" అన్నాడు.

ఇప్పుడు పట్నాల్లో నాలుగు దిక్కులా కెమెరాలు పెట్టి, తిప్పి తిప్పి చూస్తున్నారట. చూడనివ్వండి. మా చేలో ఒక్క కెమెరా ఉన్నా తువ్వాల కనబడేదేమో, కనబడినా వాళ్లు అదే నవ్వు నవ్వేవారేమో. నేను కొలువులో నేర్చుకున్నది ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు రాయడం. రాస్తున్నాను.

పోయినవి ఇవి. తెల్ల గుర్రం ఒకటి, చాందినీ. నల్ల గుర్రం ఒకటి, కోస్గిది. జాతర పందెం. బావ ఇంటి డప్పు, ఆ తర్వాత బావ. మా మేనల్లుడి స్వారీ. పల్లకి మా వాడకు రావలసిన ఒక్క సాయంత్రం. గజ్జెలు రెండు జతలు మా మరదలి పెట్టెలో ఉన్నాయి. తీర్పు అలాగే ఉంది. గజ్జెలు, తీర్పు పోలేదు కనుక ఆ రెండింటినీ లెక్కలో వెయ్యలేదు.